కాలియాసొ

టీవీలో ఆదివారాలొచ్చే ‘త్రిశంకు నౌక’కి
తెలుగులో నవలలు రాసినవాడు
మా పర్లాకిమిడి కరెంటాఫీసులో
మీటర్లు చదివే గొర్లె దాలయ్య.
అట్ట మీద అతని పేరుండదు.
కెప్టెన్ మొహం, వెనక మంట,
వెల ఆరు రూపాయలు.

బెజవాడ పబ్లిషరు ఉత్తరంలో షరతులు:
కెప్టెన్ చావకూడదు. పెళ్ళాడకూడదు.
నౌకకి సొట్ట పడితే ఆఖరి పేజీలోగా తీసెయ్యాలి.
బొంబాయి వాళ్ళు పోయినవారం
ఎక్కడ వదిలారో అక్కడే ఉండాలి లోకం.

మరి నీదేటుంది ఇందులో, అనడిగేను.
అద్దె పుస్తకాల కొట్టు నాది,
అడిగే హక్కుందనుకున్నాను.
"గోడలున్నాయి కదమ్మా," అన్నాడు.
"గోడల మీద నోటీసులున్నాయి.
దారిలో తగిలే చిల్లర గ్రహాలున్నాయి.
వాటికేసి ఎవులు చూస్తారు?"

మేం చూసేవాళ్ళం.
రెండో నవల్లో రంపుణుగు అనే గ్రహం.
వెనక నుంచి చదువుకోండి, గుణుపురం.
అక్కడికెళ్ళే వ్యోమనౌక ఎంత నిదానమంటే
ప్రయాణికులు దిగి, పొదల చాటున పని చూసుకుని,
పరిగెత్తి మళ్ళీ ఎక్కేవాళ్ళు.
మా చిన్న రైలే!
బొగ్గు పొగ తీసి నీలి కిరణాలు పెట్టాడంతే.

నాలుగో నవల్లో
తన కొమ్ము తనే కోసుకుని
దువ్వెనలు చెక్కి అమ్ముకునే జీవి.
ఖగేశ్వర మహారాణాకి తెలుగు చదవడం రాదు.
అతని కొట్టుమెట్ల మీద కూచుని
ఒడియాలోకి మార్చి చెప్పేను.
చేతిలోని కొమ్ముకొంగ మెడ విరిగేదాకా నవ్వాడు.
తర్వాత నిదానంగా అడిగాడు,
"దువ్వెన ధరెంతని రాశాడు?"

ఏడో నవల్లో చక్రవర్తి.
ఆరు గెలాక్సీల ఏలిక.
ఒకటే కిటికీ, ఒకటే కుర్చీ, ఒకటే మాట:
కాలియాసొ.
అది వినగానే సైన్యాలు వెనక్కి తిరుగుతాయి.
కెప్టెన్ మంత్రమనుకున్నాడు.
గుంటూరు లెక్చరరొకాయన
ప్రాచీన గ్రీకు మాటని పబ్లిషరుకి రాశాట్ట.
కర్నూల్లో ఎవరో మనవడికి ఆ పేరే పెట్టారని పుకారు.

మాకు తెలుసు.
తాసీల్దారాఫీసులో మూడో కిటికీ.
తెలుగులో రాసిన అర్జీ తోసేస్తే
రెండు రూపాయలిచ్చి ఒడియాలో రాయించుకుని
మళ్ళీ వరసలో నిలబడి, కిటికీ దాకా చేరితే,
గుమాస్తా పాన్ బుగ్గకి నెట్టి అనేవాడు,
"కాలి ఆసొ."
రేపు రా.

ఆ ఏడంతా వరసలో కిసుక్కులే.
గుమాస్తా అయోమయంగా
తన చొక్కా గుండీలు చూసుకునేవాడు.

సీరియల్ ఆగిపోయింది, మధ్యలో.
కెప్టెన్ ఎక్కడ వదిలారో అక్కడే ఉన్నాడు.
దాలయ్య కూడా పోయాడు, ఒక ముసురులో,
పదకొండు నవలలకి.
పింఛను కోసం పైడమ్మ తిరిగేది.
దారిలో నా కొట్టు ముందాగి,
చెప్పులు దులుపుకుని,
"ఇవాళా ఏడో నవలే," అనేది.
ఆమె ఒక్క పేజీ చదవలేదు.

మొన్న వరంగల్ నుంచి ఒకబ్బాయొచ్చాడు.
పదకొండూ ప్లాస్టిక్ కవర్లలో,
మార్జిన్ల నిండా పెన్సిల్ గీతలు.
రంపుణుగు తనే విప్పుకున్నాడు.
కొమ్ముల జీవిని మహారాణా వీధిలో పట్టుకున్నాడు.
"ఈ ఒక్క మాటే తేలలేదండీ,
నిఘంటువులన్నీ వెతికాను."

నోటి దాకా వచ్చింది.
కానీ కోసిన కొమ్ము మళ్ళీ తలకి అతకదు.
"రేపు రా బాబూ," అన్నాను.
అతను బుద్ధిగా తలూపి
కవర్లు ఒక్కొక్కటే సర్దుకుని
లాడ్జి వైపు నడిచాడు.

పొద్దున్న షట్టరెత్తేసరికి మెట్ల మీదున్నాడు,
తల దువ్వుకోలేదు, స్నానం చెయ్యలేదు.
రాత్రి లాడ్జి కుర్రాణ్ణి వేణ్ణీళ్ళడిగాట్ట.
వాడేమన్నాడో నేనడగలేదు.
నవ్వాపుకోలేక
గోడకి జరిగి
నాక్కాస్త చోటిచ్చాడు.